డిస్కు మీది సినిమా: దృశ్య, ధ్వని నాణ్యతలను అంచనా వేయడం

ఈ కోర్సులో మీరు విశ్లేషించవలసిన సినిమాలలో చాలా వాటిని థియేటరులో చూసే అవకాశం మీకు ఉండదు. పాత సినిమాల ప్రింట్లు ఊరూరా తిరిగే రోజులు పోయాయి. ఫిల్మ్ సొసైటీలు జిల్లా కేంద్రాలలో కూడా అరుదే. కాబట్టి 'మాయాబజార్' అయినా, 'అపరాజితో' అయినా మీ చేతికి వచ్చేది ఒక వి.సి.డి., లేదా డి.వి.డి., అదృష్టం బాగుంటే బ్లూ-రే. ఆ డిస్కును చూసి మీరు "ఛాయాగ్రహణం చదునుగా ఉంది" అనో, "గాత్రం కీచుగా వినిపిస్తోంది" అనో రాస్తారు. ఆ వాక్యం ఒక కళాకారుడి మీద మీరిచ్చే తీర్పు. మీరు చూసింది మాత్రం ఆయన పని కాకపోవచ్చు. సినిమా విడుదలైన 40 ఏళ్ళకు ఎవరో అరిగిపోయిన ప్రింటు నుంచి హడావుడిగా తీసిన నకలు కావచ్చు.

అందువల్ల డిస్కు నాణ్యతను అంచనా వేయడం యంత్రాల మీద మోజున్నవారి కాలక్షేపమని అనుకోవద్దు. పాఠ్య పరిష్కరణ జరగని తాళపత్ర ప్రతి ఆధారంగా కవిని విమర్శించడం ఎంత ప్రమాదమో, ఇదీ అంతే. లేఖకుడి తప్పేదో, కవి మాట ఏదో విడదీసి చూడగలగాలి.

కెమెరాలో నడిచిన నెగటివ్ నుంచి మీ గదిలోని టీవీ దాకా సినిమా చాలా చేతులు మారుతుంది. నెగటివ్ నుంచి ప్రింటు తీస్తారు. ఒక్కోసారి నకలు నెగటివ్ చేసి, దాని నుంచి ప్రింటు తీస్తారు. దాన్ని వీడియోగా మారుస్తారు, ఆ వీడియోను కుదించి డిస్కులోకి ఎక్కిస్తారు, చివరికి ప్లేయరు దాన్ని చదివి టీవీకి అందిస్తుంది. వీటిలో ఏ మెట్టు దగ్గరైనా లోపం చేరవచ్చు. "బొమ్మ బాగుందా, లేదా?" అన్నది మామూలు ప్రేక్షకుడి ప్రశ్న. "ఈ లోపం ఎక్కడ పుట్టింది?" అన్నది విమర్శకుడిగా మీరు వేసుకోవలసిన ప్రశ్న.

ముందు మీ టీవీ సంగతి

వెతకడం మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. దుకాణంలో ట్యూబులైట్ల వెలుగులో పక్క టీవీ కంటే మెరుస్తూ కనిపించాలని చాలా టీవీలను అతి ప్రకాశంతో, అతి రంగులతో అమర్చి అమ్ముతారు. ఇంటికి తెచ్చాక ఆ అమరికను మార్చేవారు తక్కువ. మెనూలో 'సినిమా' లేదా 'మూవీ' అన్న అమరిక ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. 'షార్ప్‌నెస్'ను బాగా తగ్గించండి. కదలికను నునుపు చేసే సదుపాయం ఉంటే తీసివేయండి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. ఆ సదుపాయం వాటి నడుమ టీవీ సొంతంగా కల్పించిన ఫ్రేములను చొప్పిస్తుంది. దానివల్ల ఎంత గొప్ప సినిమా అయినా సాయంకాలం సీరియల్‌లా కనిపిస్తుంది.

తెర ఆకారం కూడా చూసుకోండి. 1950లనాటి మన సినిమాలు వెడల్పు, ఎత్తు దాదాపు 4:3 నిష్పత్తిలో ఉండే బొమ్మలు. నేటి టీవీ 16:9. రెండు పక్కలా నల్లని ఖాళీ ఉండటం ఇష్టంలేక బొమ్మను సాగదీస్తే మనుషులు మూడో వంతు లావెక్కుతారు. 'పాతాళభైరవి'లో తోటరాముడు పొట్టిగా, బొద్దుగా కనిపిస్తున్నాడంటే తప్పు మీ రిమోటుదే. ఆ నల్లని ఖాళీ లోపం కాదు, అది ఉండవలసిందే.

డిస్కులో ఎంత పడుతుంది?

అట్ట మీద 'డిజిటల్' అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ సమానం కావు. మన దేశంలో ఎక్కువగా అమ్ముడైన వి.సి.డి.లో బొమ్మ 352×288 చుక్కలు. ఒక డిస్కులో 74 నిమిషాలు పడుతుంది. అందుకే మూడు గంటలు దాటే 'మాయాబజార్' లాంటి సినిమాకు మూడు డిస్కులు కావాలి. డి.వి.డి.లో బొమ్మ 720×576 లేదా 720×480, బ్లూ-రేలో 1920×1080.

చుక్కల లెక్క ఒక్కటే చూసి ఊరుకోకండి. 'అల్లూరి సీతారామరాజు' (1974) తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. దాని బొమ్మ వెడల్పు ఎత్తుకు రెండింతల పైనే. అటువంటి సినిమాను వి.సి.డి. చట్రంలో పైనా కిందా నల్లపట్టీలతో ఇమిడిస్తే, 288 గీతలలో బొమ్మకు దక్కేవి 163 మాత్రమే. పట్టీలు ఇష్టం లేక చట్రం నిండా బొమ్మ పరిస్తే, రెండు పక్కలా కలిపి 43 శాతం దాకా కోతపడుతుంది. స్కోప్ తెర ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడి మాట్లాడుకునే సన్నివేశంలో మీకు మిగిలేది రెండు ముక్కులూ, మధ్యనున్న గోడానూ. అది చూసి "దర్శకుడికి కూర్పు తెలియదు" అని రాస్తే ఎంత అన్యాయం!

ఇప్పుడు మూడు సినిమాలను ఒకే డి.వి.డి.లో ఇరికించి అమ్మే రకం చూద్దాం. ఒక పొర డి.వి.డి.లో 4.7 గిగాబైట్లు పడుతుంది. రెండున్నర గంటల సినిమాలు మూడు అంటే ఏడున్నర గంటలు. భాగించి చూస్తే సెకనుకు వచ్చేది సుమారు 1.4 మెగాబిట్లు, అంటే దృశ్యం, ధ్వని కలిపి వి.సి.డి.కి దక్కేది ఎంతో అంత. అట్ట మీద డి.వి.డి. అని ఉన్నా లోపల ఉన్నది వి.సి.డి. తిండే. పైగా చుక్కలు నాలుగింతలు, అందరికీ అంతే కూడు పంచాలి. పొగ, నీరు, వాన, గుంపు నాట్యం వచ్చిన చోట బొమ్మ చిన్న చిన్న గళ్ళుగా విరిగిపోవడం మీరు చూసే ఉంటారు. ఆకలి బయటపడేది అక్కడే. చవకకు వచ్చిందని సంతోషించవచ్చు, నేనేమీ కాదనను. ఆ గళ్ళను మాత్రం ఛాయాగ్రాహకుడి ఖాతాలో వేయవద్దు.

ఇంకో లోపం మన డి.వి.డి.లలో మరీ తరచుగా కనిపిస్తుంది. మనది సెకనుకు 25 ఫ్రేముల పాల్ పద్ధతి దేశం. అమెరికాది సుమారు 30 ఫ్రేముల ఎన్.టి.ఎస్.సి. పద్ధతి. విదేశాలలోని మనవాళ్ళకు కూడా అమ్మాలని, పాల్ టేపును ఎన్.టి.ఎస్.సి.గా మార్చి డిస్కు చేసినప్పుడు, పక్కపక్క ఫ్రేములను కలిపి కొత్త ఫ్రేములు కల్పిస్తారు. దీన్ని పట్టుకోవడం సులభం. వేగంగా నడిచే నాట్యం దగ్గర పాజ్ నొక్కి ఒక్కొక్క ఫ్రేమే ముందుకు నడపండి. నర్తకి చేయి ఒకటి ఉండవలసిన చోట రెండు చేతులు నీడల్లా ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తే, ఆ డిస్కు నేరుగా ఫిల్మ్ నుంచి రాలేదని నిశ్చయించుకోవచ్చు.

శుభ్రత వేరు, విశ్వసనీయత వేరు

ఫిల్మ్ మీది బొమ్మ సన్నని రేణువులతో ఏర్పడినది. పెద్ద తెర మీద అది ఇసుక కదలాడినట్టు లీలగా కనిపిస్తుంది. వీడియోకు అలవాటుపడిన కన్ను దాన్ని మురికి అనుకుంటుంది. కొనేవారికి అది నచ్చదేమోనన్న భయంతో తయారీదారులు కంప్యూటరు చేత ఆ రేణువులను తుడిపిస్తారు. చర్మం మీది సన్నని గీతలు, చీర నేత, గడ్డం నెరుపు కూడా ఆ రేణువులలోనే ఉన్నాయన్న సంగతి కంప్యూటరుకు పట్టదు. అన్నీ కలిసి పోతాయి. ముఖాలు మైనపు బొమ్మల్లా మిగులుతాయి.

ఇందుకు హాలీవుడ్ సినిమా 'ప్రెడేటర్' (1987) పేరుపడ్డ ఉదాహరణ. దాని మొదటి బ్లూ-రేలో రేణువులు దట్టంగా ఉండేవి. 2010లో వచ్చిన రెండో కూర్పులో వాటిని ఎంతగా తుడిచారంటే, అడవిలో చెమటోడుస్తూ తిరిగే సైనికుల ముఖాలు దుకాణం అద్దాల వెనుక బొమ్మల్లా తయారయ్యాయి. పక్కపక్కన పెట్టి చూస్తే రెండోది 'శుభ్రం'గానే ఉంటుంది. ఆ శుభ్రతే దాని లోపం.

దీనికి తోడుదొంగ అంచులకు పదును పెట్టడం. ఆకాశం ముందు నిలబడిన మనిషి భుజం చుట్టూ, గుడి గోపురం చుట్టూ, కరెంటు తీగల చుట్టూ సన్నని తెల్లగీత కనిపిస్తే అది కృత్రిమమైన పదును. దూరం నుంచి చూసేవారికి బొమ్మ స్పష్టంగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. నిజానికి కొత్త వివరం ఒక్కటీ చేరలేదు.

గీతలు పడ్డ ప్రింటును మనవాళ్ళు 'వాన పడుతోంది' అంటారు. నా దృష్టిలో ఆ వాన చిన్న దోషం. గీత వెనుక బొమ్మ ఉంటుంది, కన్ను దాన్ని దాటి చూడగలదు. తుడిచివేసిన వివరాన్ని ఏ కన్నూ తిరిగి తెచ్చుకోలేదు.

నలుపు తెలుపు సినిమాను పరీక్షించడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. తెల్లని పంచె మడతలు చూడండి, నల్లని జుట్టులో పోగులు చూడండి. మడతలు లేకుండా పంచె ఒకే సున్నపు ముద్దలా, పోగులు లేకుండా జుట్టు ఒకే మసి ముద్దలా ఉంటే, ఆ రెండింటి నడుమ ఛాయాగ్రాహకుడు పరిచిన బూడిదరంగు మెట్లు ఎక్కడో తెగిపోయాయి. ముందు మీ టీవీ అమరిక చూసుకోండి. అది సరిగా ఉంటే తప్పు డిస్కుదో, దానికి మూలమైన ప్రింటుదో.

కాలిన నెగటివ్ నుంచి వచ్చిన డిస్కు

ఈ మెట్లు ఎందుకంత ముఖ్యమో 'అపరాజితో' (1956) చెబుతుంది. అందులో కాశీలోని ఇంటి ముంగిలి నిజమైన ఇల్లు కాదు, కలకత్తా స్టూడియోలో వేసిన సెట్టు. ఆకాశం నుంచి దిగి నాలుగు గోడల మధ్య పరుచుకునే పగటి వెలుగును స్టూడియోలో తేవడం ఎలా? ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్ర సెట్టు పైన తెల్లని గుడ్డ కట్టించి, దీపాలను దాని మీదికి తిప్పి, అక్కడి నుంచి పరావర్తనమై దిగే మెత్తని వెలుగులో చిత్రీకరించారు. నీడలు గట్టిగా పడవు. గోడ పైభాగం నుంచి నేల దాకా వెలుగు మెల్లగా తరిగిపోతుంది. ఆయన ప్రతిభ అంతా ఆ 'మెల్లగా'లో ఉంది. మెట్లు తెగిన డిస్కులో అది కాస్తా తెల్లబోయిన గోడగా, నల్లబడిన మూలగా మారిపోతుంది. దాన్ని మాత్రమే చూసిన విద్యార్థికి సుబ్రతా మిత్రను ఎందుకు పొగుడుతారో ఎన్నటికీ అర్థం కాదు.

సత్యజిత్ రాయ్ 'అపు' చిత్రత్రయం మూల నెగటివ్‌లు 1993లో లండన్‌లోని ఒక లాబొరేటరీ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మిగిలిన ముక్కలను అమెరికాలోని మోషన్ పిక్చర్ అకాడమీ భద్రపరిచింది. అవి వంకరలు పోయి, పెళుసుబారి, ఏ యంత్రంలోనూ నడపడానికి వీలులేని స్థితిలో ఉండేవి. ఏళ్ళు గడిచాక ఇటలీలోని బొలోన్యా నగరపు పునరుద్ధరణశాలలో వాటికి తేమ పట్టించి, మెత్తబరచి, అతుకులు చేత్తో సరిచేసి, ఫ్రేము ఫ్రేమూ స్కాన్ చేశారు. చివరకు 'పథేర్ పాంచాలి'లో సుమారు 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా ఆ కాలిన నెగటివ్ నుంచే దక్కాయి. మిగతాది ఇతర చోట్ల ఉన్న నకళ్ళ నుంచి తీసుకున్నారు. 'అపుర్ సంసార్' (1959) మూల నెగటివ్ పనికిరాకుండా పోయింది. ఈ కూర్పును క్రైటీరియన్ సంస్థ 2015లో బ్లూ-రేగా తెచ్చింది.

ఈ డిస్కును మెచ్చుకోవడం తేలిక. మెచ్చుకుంటూనే జాగ్రత్తగా చూడండి. మూలం మారిన చోట రేణువుల తీరు, పదును కొద్దిగా మారడం సహజం. ఒక షాటు స్ఫటికంలా ఉండి, తరవాతి షాటు కాస్త మసకబారితే, అది సినిమా పడ్డ కష్టానికి గుర్తు. అంతా ఒకేలా ఉండాలని మొత్తాన్ని నునుపు చేసి ఉంటే ఆ గుర్తులతో పాటు మంచి షాట్ల వివరమూ పోయేది. అలా చేయకపోవడమే ఈ కూర్పుకు నేనిచ్చే మొదటి మార్కు.

చెవితో చేసే పరీక్షలు

బొమ్మ గురించి అందరూ మాట్లాడతారు. ధ్వని దగ్గరకు వచ్చేసరికి "సౌండ్ బాగుంది" అని ఒక్క మాటతో సరిపెడతారు. బాగుంది అంటే తరచు గట్టిగా ఉందనే అర్థం. తెలుగు విద్యార్థికి ఇక్కడ ఒక వరం ఉంది: పద్యానికీ, కర్ణాటక సంగీతానికీ అలవాటుపడిన చెవి.

మొదటి పరీక్ష శ్రుతి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను పాల్ వీడియోగా మార్చేటప్పుడు తరచు 25 ఫ్రేముల వేగంతో నడిపిస్తారు. 150 నిమిషాల సినిమా 144 నిమిషాలకే అయిపోతుంది. ఏమీ కత్తిరించలేదు, అంతా నాలుగు శాతం తొందరగా నడిచిందంతే. కంటికి ఈ తేడా తెలియదు. ధ్వనిని ప్రత్యేకంగా సరిదిద్దకపోతే మాత్రం శ్రుతి దాదాపు ముప్పాతిక స్వరస్థానం పైకి పోతుంది. ఒకటి శ్రుతిలో పాడిన పాట ఒకటిన్నర శ్రుతికి దగ్గరగా వినిపిస్తుంది. పోరాట చిత్రంలో ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. 'శంకరాభరణం' వంటి సినిమాలో గాత్రపు బరువే పాత్ర బరువు. శంకరశాస్త్రి గొంతు పలచబడితే ఆ మనిషే పలచబడతాడు. ఆడియో సి.డి.లోని పాటతో డిస్కులోని పాటను పోల్చండి, హార్మోనియమో శ్రుతిపెట్టెనో దగ్గరుంటే ఇంకా మంచిది. గాయకుడు కీచుగా పాడాడని రాసేముందు ఈ పని తప్పక చేయండి.

రెండో పరీక్ష నిశ్శబ్దం. పాత సినిమాల ధ్వని ఫిల్మ్ అంచున కాంతిరేఖగా ముద్రితమై ఉంటుంది. ఆ రేఖకు ఎప్పుడూ సన్నని బుసబుస తోడుంటుంది. దాన్ని తొలగించే యంత్రాన్ని అతిగా వాడితే మాటకూ మాటకూ మధ్య శ్మశాన నిశ్శబ్దం పుడుతుంది. పౌరాణిక చిత్రంలో పద్యం చివర రాగం తీస్తూ గాయకుడు గొంతును మెల్లగా దించుతాడు. ఆ దింపుడు పూర్తికాకముందే కత్తిరించినట్టు ఆగిపోతే అది యంత్రం చేసిన పని. వెనుక మోగే తంబుర, పాట మొదలైనప్పుడు వచ్చి పాట ఆగగానే మాయమవుతుంటే అదీ దాని పనే. శ, ష, స అక్షరాలు కూడా వినండి. వీటికి ప్రాణం ఎగువ ధ్వనులలో ఉంటుంది. బుసతో పాటు ఆ ధ్వనులనూ నరికివేస్తే మూడూ ఒకేలా వినిపిస్తాయి. ఉచ్చారణకు పేరుపడ్డ నటుడి నోట శకారం సకారంలా వినిపిస్తే, ముందు డిస్కును అనుమానించండి.

మూడోది 5.1 సంగతి. ఈ అంకె నాణ్యతకు మార్కు కాదు, స్పీకర్ల లెక్క: ముందు మూడు, వెనుక రెండు, అడుగు ధ్వనులకు ఒకటి. 1957లో ఒకే దారిలో రికార్డయిన ధ్వనిని ఆరు స్పీకర్లకు పంచాలంటే ఏదో ఒక కల్పన చేయక తప్పదు. కొన్ని డిస్కులలో మాటల ప్రతిధ్వని వెనుక నుంచి వినిపిస్తుంది, దర్బారు సన్నివేశం బావిలో జరుగుతున్నట్టు ఉంటుంది. అటువంటి సినిమాకు మూలంలోని ఒకే దారి ధ్వనే నిజాయతీ గలది. దీనికి ఎదురు ఉదాహరణ 'సింహాసనం' (1986). తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రమది, ఆరు ట్రాకుల స్టీరియో ధ్వనితో వచ్చింది. దాన్ని ఒకే దారి ధ్వనితో వింటే, ధ్వనిగ్రాహకుడు తెర నిండా పరిచినదాన్ని చాపలా చుట్టి మూల పెట్టినట్టే.

పెదవులకూ మాటలకూ పొంతన కుదరకపోతే ఇలా విడదీయండి: ఒక్క పాత్రకే అలా ఉంటే అది డబ్బింగు లోపం. అందరికీ ఒకేలా ఉంటే డిస్కు లోపమో, ప్లేయరు లోపమో.

ఎవరికి విశ్వసనీయం?

ఇంతవరకు మూలానికి దగ్గరగా ఉండటమే గీటురాయిగా తీసుకున్నాం. మూలమేదో తేలని సందర్భాలు కూడా ఉన్నాయి. 'ది ఫ్రెంచ్ కనెక్షన్' (1971) బ్లూ-రే 2009లో వచ్చినప్పుడు దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ స్వయంగా కూర్చుని రంగులను వెలవెలబోయేలా మార్పించారు. ఛాయాగ్రాహకుడు ఓవెన్ రాయిజ్‌మన్ ఇది తన సినిమా కాదని బహిరంగంగా నిరసించారు. 2012లో మళ్ళీ వేరే రంగులతో మరో కూర్పు వచ్చింది. దర్శకుడిదే తుది మాట అనేవారున్నారు. నా మట్టుకు, 1971లో ప్రేక్షకులు చూసిన సినిమాకు కూడా ఒక హక్కు ఉంది. ఆ తరవాత దర్శకుడికి కలిగిన ఆలోచన కొత్త కూర్పు అవుతుంది, పాతదాన్ని చెరిపివేసే అధికారం దానికి లేదు.

మన దగ్గర ఇదే ప్రశ్న 'మాయాబజార్' (1957) రూపంలో వచ్చింది. 2010లో దానికి రంగులద్ది, ధ్వనిని డి.టి.ఎస్. పద్ధతికి మార్చి విడుదల చేశారు. కొత్త తరం ప్రేక్షకులు థియేటర్లకు వెళ్ళి చూశారు, ఆ మేలును తక్కువ చేయనక్కరలేదు. కాని దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ అప్పటికి జీవించి లేరు, ఔననడానికీ కాదనడానికీ. పడవలో సాగే వెన్నెల పాటనే తీసుకోండి. బార్ట్‌లీ వెన్నెలకు పేరుపడ్డవాడు. ఆ వెన్నెల తెలుపుకూ నలుపుకూ మధ్య ఎన్నో మెట్లతో కట్టినది. నీటి మీది తళుకు, ముఖం మీది వెలుగు, వెనుక చీకటి ఒకే కుటుంబంలోని ఛాయలు. రంగులద్దేవారు నీటికి ఒక రంగు, ముఖానికి ఒక రంగు, ఆకాశానికి ఇంకో రంగు ఎంచుకోక తప్పదు. ఎంత నేర్పుగా ఎంచుకున్నా ఆ కుటుంబం విడిపోతుంది. వెన్నెల వాతావరణంగా ఉండటం మానేసి వస్తువులకు పూసిన పూత అవుతుంది. కాబట్టి రంగుల కూర్పును చూసి ఆనందించండి, అందులోని శ్రమను గుర్తించండి. బార్ట్‌లీ గురించి రాయవలసి వస్తే మాత్రం నలుపు తెలుపు డిస్కునే ముందు పెట్టుకోండి, దాని మీద ఎంత వాన పడుతున్నా సరే.

అభ్యాసం

మీకు దొరికే ఒక పాత తెలుగు సినిమాను రెండు వేర్వేరు డిస్కులలో సంపాదించండి. ఒకటి వి.సి.డి., ఒకటి డి.వి.డి. అయినా చాలు. ఒకే పాటను, ఒకే సంభాషణ సన్నివేశాన్ని రెండింటిలోనూ చూడండి. పాట నిడివిని గడియారంతో కొలిచి రాసుకోండి. తేడా ఉంటే అది వేగం వల్లనా, కోత వల్లనా తేల్చండి: చరణాలన్నీ ఉండి నిడివి నాలుగు శాతం తగ్గితే వేగం, అంతకు మించితే కోత. బొమ్మ నాలుగు అంచుల దగ్గర ఏమేమి కనిపిస్తున్నాయో గీసుకుని పోల్చండి, ఒకదానిలో ఉన్న స్తంభం మరోదానిలో లేకపోవచ్చు. మూలన అంటించిన కంపెనీ ముద్ర నటుడి ముఖాన్ని ఎక్కడైనా కప్పుతోందేమో చూడండి. ఆ తరవాత ఆ సన్నివేశపు ఛాయాగ్రహణం మీద 300 పదాలలో మీ అభిప్రాయం రాయండి. మొదటి వాక్యంలోనే మీరు ఏ కూర్పు చూశారో, ఏ రకం డిస్కు మీద చూశారో పేర్కొనండి.